విదేశంలో మిషనరీ దంపతులు: రోజువారీ జీవితంలో ఇద్దరూ కలిసి సర్దుకోవడం ఎలా

పరిచర్య కోసం వేరే దేశం వెళ్లాలని ప్రార్థన చేస్తున్న దంపతులు ఎక్కువగా అడిగేది వీసా గురించి, ఆర్థిక మద్దతు గురించి, అక్కడ సువార్త పనికి ఎంతవరకు వీలుంటుంది అన్న దాని గురించి. ఇవన్నీ అడగాల్సినవే. కానీ అక్కడ స్థిరపడ్డాక మనిషిని నిలబెట్టేదైనా కుంగదీసేదైనా చాలావరకు మామూలు రోజే. పొద్దున్నే నీళ్లు రావు, పదింటికి వస్తానన్న మనిషి మధ్యాహ్నం మూడింటికి వస్తాడు, ఆఫీసులో నిన్న అడగని కాగితం ఇవాళ అడుగుతారు, సాయంత్రం అనుకున్న ప్రార్థన కూడిక జరగదు, ఆ టైముకి ఎవరో ఏడుస్తూ వచ్చి తలుపు కొడతారు. ఇలాంటి రోజులు వరసగా వస్తుంటే భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు విసుక్కోకుండా, వచ్చిన పని వదిలేయకుండా ఎలా ఉండాలో ఇక్కడ రాస్తున్నాను.

సర్దుకుపోవడం అనేది స్వభావం అని చాలామంది అనుకుంటారు. ఆయన దేన్నైనా తేలిగ్గా తీసుకుంటాడు, ఆవిడకి టెన్షన్ ఎక్కువ, అంతే అని తేల్చేస్తారు. నేను దాన్ని ఒప్పుకోను. అది ఇద్దరూ కూర్చుని చేసుకునే ఏర్పాటు. మారకూడనివి కొన్నే పెట్టుకుని వాటిని గట్టిగా పట్టుకుంటే మిగతావి ఎన్ని మారినా తట్టుకోవచ్చు. ఇంకోటి, నా దృష్టిలో దీనికంటే ముఖ్యమైనది: ప్లాన్ మారినప్పుడు ఆ భారం ప్రతిసారీ ఒకరి మీదే పడకూడదు. చాలా ఇళ్లలో ప్లాన్ మార్చేది భర్త, ఆ మార్పుకి తగ్గట్టు వంట, పిల్లలు, నిద్ర, డబ్బు అన్నీ సర్దేది భార్య. బయటివాళ్లకి ఆ జంట ఎంతో కలిసి ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల ఒకరు మెల్లగా అరిగిపోతుంటారు.

ప్లాన్ మారడం కొత్తగా వచ్చిన కష్టమేమీ కాదు. అడోనిరామ్ జడ్సన్, ఆన్ జడ్సన్ అనే మిషనరీలు 1812 ఫిబ్రవరిలో పెళ్లి చేసుకుని రెండు వారాల్లోనే అమెరికా నుంచి ఓడ ఎక్కారు. జూన్‌లో కలకత్తా చేరితే ఈస్ట్ ఇండియా కంపెనీ ఉండనివ్వలేదు. మారిషస్ వెళ్లారు, అక్కణ్ణుంచి మద్రాసు వచ్చారు, అక్కడా ఉండే వీలు లేక దొరికిన ఓడ ఎక్కి 1813 జూలైలో రంగూన్‌లో దిగారు. ఈ మధ్యలోనే బాప్తిస్మం విషయంలో వాళ్ల నమ్మకం మారడంతో పంపిన మిషన్‌తో సంబంధం కూడా తెగిపోయింది. బర్మాలో వాళ్ల పరిచర్యలో మొదటి బాప్తిస్మం జరిగింది 1819లో. దేశం మారింది, మద్దతు మారింది, ఏళ్లకు ఏళ్లు ఫలితం కనపడలేదు. మారనిది పిలుపు, ఆ పిలుపు తనదే అని ఇద్దరూ విడివిడిగా నమ్మడం.

బయలుదేరే ముందు ఇద్దరూ మాట్లాడుకోవాల్సినవి

ఆ విడివిడిగా అన్న మాట గురించే మొదట చెబుతాను. ఇండియాకి వచ్చిన ఇంగ్లీషు మిషనరీ విలియం కేరీ పేరు తెలియని క్రైస్తవులు తక్కువ, ఆయన భార్య డొరొతీ గురించి తెలిసినవాళ్లు కూడా తక్కువే. ఇండియా రావడానికి ఆమె మొదట ఒప్పుకోలేదు. ఓడ ఆలస్యమై, మళ్లీ అడిగితే, తన చెల్లెలు తోడు వస్తే వస్తానని 1793లో బయలుదేరింది. మరుసటి ఏడాది వాళ్ల ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆమె మనసు దెబ్బతింది, మళ్లీ కోలుకోలేదు, 1807లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో చనిపోయింది. కేరీ చేసిన పని గొప్పది, దాంట్లో నాకు సందేహం లేదు. కానీ డొరొతీ కథ కూడా మిషన్ చరిత్రలో భాగమే. వెళ్లబోయే ప్రతి జంటా దాన్ని తెలుసుకుని వెళ్లాలి.

కాబట్టి ఒకరు సిద్ధంగా ఉండి ఇంకొకరు "మీ ఇష్టం" అంటున్నారంటే ఆగండి. అది ఒప్పుకోలు కాదు. పంపే సంఘంలో పెద్దలు ఇద్దరితో విడివిడిగా మాట్లాడాలి, భార్యతో మాట్లాడేటప్పుడు భర్త పక్కన ఉండకూడదు. పెద్దలు అడగకపోతే మీరే అడిగి ఆ ఏర్పాటు చేయించుకోండి. ఆరు నెలలు ఆలస్యమైనా పరవాలేదు.

తర్వాత ఒక కాగితం మీద మారకూడనివి రాసుకోండి. ఇద్దరూ వేరువేరుగా రాసి, ఆ తర్వాత కలిపి చూడాలి. ఒకరికి రోజూ పొద్దున ఒంటరిగా వాక్యం చదువుకునే అరగంట ముఖ్యం కావచ్చు, ఇంకొకరికి వారానికోసారి అమ్మతో తీరుబడిగా మాట్లాడటం ముఖ్యం కావచ్చు, ఇంట్లో ఒక గది ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోవడం కావచ్చు. మొత్తం నాలుగైదుకి మించితే అవి నిలబడవు, కొట్టేయండి. మిగిలినవి మాత్రం పరిచర్య పేరు మీద కూడా తీసేయకూడదు. మాట ఇచ్చుకోండి.

ఇంకొన్ని ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగాలి. పిల్లలు పుట్టకపోతే ఏం చేద్దాం, పుడితే ఎక్కడ కాన్పు? పిల్లల చదువు ఏ భాషలో? డబ్బు ఎంతకి పడిపోతే వెనక్కి వస్తాం? ఇద్దరిలో ఒకరికి ఇక ఉండలేం అనిపిస్తే ఆ మాట ఎవరికి చెప్పాలి, రెండోవాళ్లు దానికి ఎంత టైములో జవాబివ్వాలి? చివరి ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఉన్నవాళ్లు కష్టకాలంలో ఎంతో తేలిగ్గా బయటపడటం చూశాను.

కాగితాలు, డబ్బు

వీసా విషయంలో నిజాయితీగా ఉండండి. కొన్ని దేశాల్లో మత సంబంధ పనికి వేరే వీసా ఉంటుంది, కొన్నిటిలో ఉండదు, అలాంటి చోట ఉద్యోగం, చదువు, వ్యాపారం ఆధారంగా వెళ్లేవాళ్లున్నారు. అలా వెళ్తే ఆ ఉద్యోగం నిజంగా చేయండి. బైబిల్లో పౌలు, అకుల, ప్రిస్కిల్ల దంపతులు కొరింథులో డేరాలు కుట్టి బతికారు, అది పేరుకి పెట్టుకున్న పని కాదు. టూరిస్టు వీసా మీద వెళ్లి మళ్లీ మళ్లీ దేశం బయటికి పోయి వస్తూ ఏళ్లు గడపడం ప్రమాదం. దొరికితే మీతో పాటు మీకు ఇల్లిచ్చినవాళ్లకి, మీరు కలిసే స్థానిక విశ్వాసులకి కూడా ఇబ్బంది.

భార్యాభర్తల్లో ఒకరికి అసలు వీసా, ఇంకొకరికి డిపెండెంట్ వీసా ఉంటే రెండోవాళ్లకి ఏది చేయడానికి అనుమతి ఉందో విడిగా కనుక్కోండి. చాలా దేశాల్లో డిపెండెంట్ వీసా మీద ఉద్యోగం చేయకూడదు, కొన్నిచోట్ల జీతం లేని పనికి కూడా హద్దులుంటాయి. అసలు వీసా రద్దయితే మామూలుగా రెండోది కూడా దాంతోనే పోతుంది. ఆ మనిషి రోజంతా ఏం చేస్తారు అన్నది వెళ్లకముందే ఆలోచించాల్సిన విషయం.

పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉంటేనే చాలా దేశాలు రానిస్తాయి. మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, డిగ్రీలు, పోలీస్ క్లియరెన్స్ ముందే తీసి పెట్టుకోండి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశానికైతే వాటికి అపోస్టిల్ ముద్ర (పత్రం అసలైనదని మన ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) సరిపోతుంది, లేని దేశానికైతే ఆ దేశ రాయబార కార్యాలయం ధ్రువీకరణ కావాలి. ఇది అక్కడికి వెళ్లాక చేయించుకోవడం పెద్ద తలనొప్పి. ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, 2016 నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. రోజూ వాడే మందులుంటే చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, మన దగ్గర మామూలుగా దొరికే కొన్ని మందులు, ముఖ్యంగా కొడీన్ ఉన్నవి, కొన్ని దేశాల్లో నిషేధం లేదా ముందస్తు అనుమతి కావాలి.

డబ్బు గురించి మూడే మాటలు. ఇద్దరి పేరు మీదా ఖాతా ఉండాలి, ఇద్దరికీ దాన్ని వాడటం రావాలి. ఇద్దరూ పిల్లలతో సహా వెంటనే ఇంటికి రావడానికి సరిపడా టికెట్ల డబ్బు వేరే ఉంచి దాన్ని ముట్టకూడదు. కానుకలు ఒక కరెన్సీలో వస్తూ ఖర్చు ఇంకో కరెన్సీలో ఉంటుంది కాబట్టి, మారకం రేటు పడిపోయినా గడిచేలా నెల బడ్జెట్ వేసుకోవాలి. వీటితో పాటు వీలునామా, పవర్ ఆఫ్ అటార్నీ, నామినీ పేర్లు వెళ్లకముందే పూర్తిచేయండి. వయసులో ఉన్నవాళ్లు దీన్ని వాయిదా వేస్తారు, వేయకండి.

భాష ఇద్దరికీ రావాలి

మొదటి ఏడాది మీ అసలు పని భాషే. పంపిన సంఘానికి ఇది ముందే చెప్పండి, లేకపోతే మూడో నెల నుంచే ఎంతమందికి సువార్త చెప్పారు అని అడుగుతారు. అమెరికా ప్రభుత్వం తన దౌత్య సిబ్బందికి భాషలు నేర్పేటప్పుడు, ఇంగ్లీషు వచ్చినవాళ్లకి స్పానిష్ లాంటి భాషకి సుమారు 600 నుంచి 750 గంటల క్లాసులు, అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్ భాషలకి సుమారు 2,200 గంటలు పడతాయని లెక్క వేసుకుంటుంది. అది కూడా రోజంతా అదే పనిగా చదివేవాళ్లకి. ఇంట్లో చంటిపిల్లని పెట్టుకుని నేర్చుకునే తల్లికి ఎంత కష్టమో దీన్నిబట్టి ఊహించండి.

ఇక్కడే మొదటి అన్యాయం జరుగుతుంది. భర్త క్లాసుకి వెళ్తాడు, భార్య ఇంట్లో ఉంటుంది. రెండేళ్లకి ఆయన వాక్యం చెప్పగలడు, ఆమె డాక్టరు దగ్గరికి కూడా ఆయన లేకుండా వెళ్లలేదు. ఆ తర్వాత ఆమె ప్రతి స్నేహం ఆయన నోటి మీదుగానే జరగాలి. దీన్ని మొదటి వారం నుంచే ఆపాలి. క్లాసు డబ్బు ఒకరికే సరిపోతే ఇద్దరూ సగం సగం వెళ్లండి, ఆమె క్లాసులో ఉన్నప్పుడు పిల్లల్ని ఆయన చూసుకోవాలి. ఒకరి కోసం ఒకరు అనువాదం చేసే అలవాటు పెట్టుకోకండి. బ్యాంకు, ఆస్పత్రి, కరెంటు బిల్లు, ఇంటి ఓనరుతో మాటలు వంతులవారీగా పంచుకోండి. రాకపోయినా సరే, తడబడుతూ అయినా సరే.

ఆన్ జడ్సన్ విషయం ఇక్కడ గుర్తుచేయాలి. అడోనిరామ్ రోజంతా పండితుడి దగ్గర కూర్చుని భాష నిర్మాణం చదువుతుంటే, ఆమె ఇల్లు నడపడానికి రోజూ బర్మా వాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది. మాట్లాడటంలో, ఎదుటివాళ్లు చెప్పింది అర్థం చేసుకోవడంలో తాను ఆయనకంటే ముందున్నానని ఆమే ఉత్తరంలో రాసింది. పుస్తకం భాష ఒకరిది, వీధి భాష ఒకరిది అయితే సాయంత్రం కూర్చుని పంచుకోండి, ఇద్దరికీ రెండూ వస్తాయి.

రోజు ఎలా నడవాలి

గంటల లెక్కన టైంటేబుల్ వేసుకోకండి. రోజుకి ఒకే ఒక్క పని ఖాయం చేసుకోండి, ఇది అయితే చాలు అన్నది. కొత్త దేశంలో వీసా ఆఫీసు పని ఒక్కటే ఒక రోజు. గ్యాస్ కనెక్షన్ ఒక రోజు. వాటితో పాటు సాయంత్రం కూడిక, రాత్రి ఆన్‌లైన్ మీటింగ్ పెట్టుకుంటే ఏదో ఒకటి తప్పుతుంది, తప్పినదాని కోపం ఇంట్లో మనిషి మీద పడుతుంది.

పిలవకుండా వచ్చే మనుషులే మన పరిచర్య, ఇది నేను గట్టిగా నమ్ముతాను. ఎవరో వచ్చి గంట కూర్చుని ఏమీ చెప్పకుండా వెళ్లిపోతారు, మూడోసారి వచ్చినప్పుడు అసలు సంగతి చెబుతారు. మొదటి రెండుసార్లు మీరు గడియారం చూసి ఉంటే మూడోసారి రారు. కానీ తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలంటే, అప్పుడప్పుడు మూసే హక్కు ఇద్దరిలో ఎవరికైనా ఉండాలి. ఒంట్లో బాగాలేని రోజు, మనసు బాగాలేని రోజు, "ఇవాళ నా వల్ల కాదు" అని ఒకరు చెబితే ఇంకొకరు కారణం అడగకుండా ఒప్పుకోవాలి. వచ్చినవాళ్లని ఆ రెండోవాళ్లు బయట కూర్చోబెట్టి మాట్లాడొచ్చు, లేదా వాళ్లతో నడుచుకుంటూ వెళ్లి మాట్లాడొచ్చు. వచ్చినవాళ్ల ముందు భార్యనో భర్తనో బలవంతంగా నవ్వించి కూర్చోబెట్టడం మాత్రం వద్దు.

ప్లాన్ మార్చే విషయంలో ఒక నియమం చాలా ఉపయోగపడుతుంది. బయట ఉన్నవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లని అడగకుండా ఎవరికీ మాట ఇవ్వకూడదు. "అలాగే, ఆదివారం మా ఇంటికి పదిమంది రండి" అని అక్కడికక్కడే అనేయడం ఎంత సులువో. "మా ఇంట్లో ఒకసారి కనుక్కుని చెబుతాను" అన్నంత మాత్రాన చాలాచోట్ల ఎవరూ పెద్దగా నొచ్చుకోరు, పైగా మీ భార్యకి మీరిచ్చే విలువ వాళ్లు చూస్తారు. అది కూడా సాక్ష్యమే.

వారానికోసారి, ఏ రోజైనా సరే, ఇద్దరూ కూర్చుని మూడు సంగతులు మాట్లాడుకోండి. ఈ వారం ఏం మారింది, ఆ మార్పు భారం ఎవరు మోశారు, వచ్చే వారం అది ఎవరి వంతు. పిల్లలకి జ్వరం వచ్చినప్పుడు రాత్రులు మేలుకున్నది ఎవరు, కూడిక మానేసింది ఎవరు అని పైకి చెప్పుకోవాలి. ఇది లెక్కలు తేల్చుకోవడంలా అనిపించి కొందరికి నచ్చదు. ప్రేమలో లెక్కలేంటి అంటారు. చెప్పుకోకపోతే ఆ లెక్కలు మనసులో ఎలాగూ నడుస్తూనే ఉంటాయి, అక్కడ నడిచేవి ఎప్పుడూ తప్పుల తడికే. మాట్లాడుకున్నాక కలిసి ప్రార్థన చేయండి, ముందు చేసి మాట్లాడకుండా లేచిపోకండి.

విశ్రాంతి దినం ఆదివారం కుదరదు, ఆ రోజు మీకు పని ఎక్కువ. వేరే రోజు పెట్టుకుని ఆ ఊళ్లో వాళ్లకి తెలిసేలా చెప్పండి. అత్యవసరమైతే తప్ప దాన్ని మార్చకండి, మార్చాల్సి వస్తే అదే వారంలో ఇంకో రోజు తీసుకోండి.

అక్కడి మనుషులు

వి.ఎస్. అజరయ్య పేరు తెలుగు సంఘాలకి కొత్తేమీ కాదు. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, భార్య అన్బుతో కలిసి దోర్నకల్‌లో పని చేసి, 1912లో అక్కడ బిషప్ అయ్యారు. దానికి రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి, మీరు ఎన్నో త్యాగాలు చేశారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగారు. నూరేళ్లు దాటినా ఆ మాట ఇప్పుడు మనకి కూడా వర్తిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు మనం వెళ్తున్నవాళ్లం.

స్నేహం అంటే వాళ్ల దగ్గర కూడా మనం సాయం తీసుకోవడం. ఎప్పుడూ ఇచ్చే చేయిగానే ఉంటే పక్కింటివాళ్లు మనల్ని సంస్థగా చూస్తారు, మనిషిగా చూడరు. ఇల్లు ఎలా శుభ్రం చేసుకోవాలో అడగండి, పిల్లకి జ్వరం వస్తే పక్కింటి పెద్దావిడని పిలవండి, వాళ్లింటి పెళ్లికీ చావుకీ వెళ్లండి. ఇద్దరికీ వేరువేరు స్నేహితులు ఉండాలి, దంపతులుగా ఉమ్మడి స్నేహితులు ఉన్నారు కదా అని ఊరుకోకండి. మన దేశం వాళ్లు, మన భాష వాళ్లు దగ్గర్లో ఉంటే వాళ్లతో కలవడం తప్పు కాదు, మనసుకి అది కావాలి. అయితే మొదటి ఏడాది వారమంతా వాళ్లతోనే గడిస్తే భాష రాదు.

వాళ్ల పద్ధతి మీకు వింతగా అనిపించినప్పుడు ఇంట్లో ఇద్దరూ కలిసి వాళ్లని వెక్కిరించుకోవడం చాలా సులువుగా అలవాటవుతుంది. మొదట్లో ఒత్తిడి తగ్గినట్టు ఉంటుంది. పిల్లలు వింటారు, అది గుండెల్లోకి వెళ్తుంది, తర్వాత బయట ప్రేమ చూపించడం నటన అవుతుంది. విసుగు వస్తే విసుగు వచ్చిందని చెప్పుకోండి, ఆ జనాన్ని తిట్టకండి.

మనసు కుంగినప్పుడు

కలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో కల్చర్ షాక్ గురించి రాసిన వ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. మొదట అంతా కొత్తగా, అందంగా ఉంటుంది, తర్వాత ఆ దేశం మీద కోపం, ఇంటి మీద బెంగ, తర్వాత మెల్లగా కుదురుకోవడం. ఆయన చెప్పినంత వరసగా అందరికీ జరగదు. దంపతుల విషయంలో అసలు చిక్కేమిటంటే ఇద్దరికీ ఒకేసారి రాదు. ఆయన ఉత్సాహంగా ఉన్న నెలల్లో ఆమె ఏడుస్తూ ఉంటుంది, ఆమె కుదురుకునే సరికి ఆయన పడిపోతాడు. బాగున్నవాళ్లు బాగాలేనివాళ్లని విశ్వాసం తక్కువైందని అనుకోకూడదు. ఇది విశ్వాసం సమస్య కాదు. ప్రతి చిన్న పనికీ కొత్తగా ఆలోచించాల్సి వచ్చి మెదడు అలిసిపోవడం.

నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఇల్లు దాటి బయటికి వెళ్లాలంటే భయం, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకి మించి ఉంటే డాక్టరుకి చూపించండి. మన భాషలో ఆన్‌లైన్‌లో మాట్లాడగలిగే కౌన్సెలర్‌ని వెళ్లకముందే ఒకరిని చూసి పెట్టుకోవడం మంచిది. చచ్చిపోవాలనిపిస్తోంది అని ఎవరైనా అంటే అది ప్రార్థన విన్నపంగా గ్రూపులో పెట్టే సంగతి కాదు. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, ఆ రోజే వైద్య సాయం తీసుకోండి, అవసరమైతే ఆ వారమే ఇంటికి రండి.

పిల్లలు

జాన్, రూత్ యూసీమ్ అనే అమెరికన్ దంపతులు 1950లలో ఇండియాలో పని చేస్తున్న అమెరికన్ కుటుంబాలను గమనించి, తల్లిదండ్రుల సంస్కృతికీ ఉన్న దేశం సంస్కృతికీ మధ్య పెరిగే ఈ పిల్లలకి థర్డ్ కల్చర్ కిడ్స్ అని పేరు పెట్టారు. వీళ్లు భాషలు త్వరగా పట్టుకుంటారు, మనుషులతో త్వరగా కలుస్తారు, వీడ్కోళ్లు మాత్రం వీళ్ల మీద పేరుకుపోతాయి. ఇల్లు మారినప్పుడు, స్నేహితుడు దేశం వదిలి వెళ్లినప్పుడు సరిగ్గా వీడ్కోలు చెప్పనివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి, దేవుని పని కోసం వచ్చాం కదా అని వాళ్ల ఏడుపుని ఆపకండి. అలా ఆపిన పిల్లలకి కోపం చివరికి దేవుడి మీదే వస్తుంది.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు

దీని గురించి మిషనరీ శిక్షణలో తక్కువ చెబుతారు, ప్రతి ఫోన్ కాల్‌లోనూ ఇదే ఉంటుంది. వాళ్లకి వయసు మీద పడుతుంది, మీరు దగ్గర లేరు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లు చూసుకుంటున్నారు, వాళ్లకి మనసులో కొంత బాధ ఉంటుంది, అది న్యాయమే. వెళ్లకముందే వాళ్లతో కూర్చుని, ఎవరు ఏం చూస్తారు, ఖర్చులో మీ వాటా ఎంత, ఆస్పత్రి అవసరం వస్తే నిర్ణయం ఎవరిది అని మాట్లాడుకోండి. మిషనరీలం కాబట్టి మా దగ్గర డబ్బు లేదు అని తప్పుకోకండి, తక్కువైనా ప్రతి నెలా పంపండి.

సీరియస్‌గా ఉంది రమ్మంటే వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం ఆ రాత్రి తీసుకోవడం చాలా కష్టం. అందుకే మామూలుగా ఉన్నప్పుడే ఇద్దరూ ఒక అవగాహనకి రావాలి: ఎవరి అమ్మానాన్నలకైనా ఒకే నియమం. ఆయన తల్లికి బాగాలేకపోతే కుటుంబమంతా, ఆమె తల్లికి బాగాలేకపోతే ఆమె ఒక్కతే అన్న తేడా ఉండకూడదు. నా అభిప్రాయం అడిగితే, ప్రాణం ఉండగా వెళ్లడం అంత్యక్రియలకి వెళ్లడం కంటే మేలు, రెండిటికీ డబ్బు లేనప్పుడు మొదటిదే ఎంచుకోండి. వెళ్లలేకపోతే, వెళ్లలేకపోయిన ఆ మనిషికి దుఃఖపడే టైము ఇవ్వండి, కొన్ని వారాలు పరిచర్య బాధ్యతలన్నీ రెండోవాళ్లు తీసుకోండి.

ఉన్నట్టుండి వదిలి రావాల్సి వస్తే

యుద్ధం, గొడవలు, వీసా రద్దు, పెద్ద జబ్బు. ఏదైనా రావచ్చు. 1824లో ఇంగ్లీషువాళ్లకీ బర్మాకీ యుద్ధం వచ్చినప్పుడు అడోనిరామ్‌ని అప్పటి రాజధాని ఆవా దగ్గర జైల్లో వేశారు, సుమారు పదిహేడు నెలలు ఉంచారు. ఆన్ గర్భవతిగా ఉండి కూడా అధికారుల చుట్టూ తిరుగుతూ ఆయనకి తిండి అందించింది. అన్ని తలుపులు తట్టగలిగిందంటే ఆమెకి భాష వచ్చు, అక్కడి మనుషులు తెలుసు, భర్త లేకుండా మాట్లాడటం అలవాటు. పైన భాష గురించి అంత గట్టిగా చెప్పింది అందుకే.

ఒక సంచీ ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి: పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, సర్టిఫికెట్ల నకళ్లు, కొంత నగదు, మందులు, ఇన్సూరెన్స్ నంబరు, ఫోన్ చార్జరు. అన్నిటి స్కాన్లు మన దేశంలో నమ్మకమైన ఒకరి దగ్గర కూడా ఉండాలి. వెళ్లగానే మన రాయబార కార్యాలయంలో పేర్లు నమోదు చేయించుకోండి. మెడికల్ ఇన్సూరెన్స్‌లో వేరే దేశానికి తరలించే ఖర్చు ఉందో లేదో చదివి చూసుకోండి. స్థానిక విశ్వాసుల పేర్లు, ఫోటోలు, బాప్తిస్మం వివరాలు మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో ఎవరికైనా చిక్కేలా ఉంచకండి. మీకు విమానం ఉంటుంది, వాళ్లకి ఉండదు.

అకుల, ప్రిస్కిల్ల ఇల్లు ఎన్ని ఊళ్లు మారిందో చూడండి. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని వెళ్లగొడితే రోమా వదిలి కొరింథు, అక్కణ్ణుంచి ఎఫెసు, మళ్లీ రోమా. వాళ్ల పేర్లు ప్రతిచోటా ఇద్దరివీ కలిసే వస్తాయి, కొన్నిచోట్ల ఆమె పేరే ముందు. ఎఫెసులో అపొల్లో అనే బోధకుడికి దేవుని మార్గాన్ని వివరంగా చెప్పింది కూడా ఇద్దరూ కలిసే.

సెలవు మీదో, శాశ్వతంగానో ఇంటికి వచ్చాక కూడా సర్దుబాటు అవసరమే, ఇది చాలామందిని దెబ్బతీస్తుంది. మీరు మారారు, ఊరూ మారింది, మీ పిల్లలకి అది సొంత ఊరు కాదు. వచ్చిన మొదటి ఆదివారమే స్టేజి ఎక్కి సాక్ష్యం చెప్పమంటారు. కనీసం నెల రోజులు మాకు మీటింగులు పెట్టొద్దని పంపిన సంఘానికి ముందే రాయండి. ఆ తర్వాత పిలిచినప్పుడు ఆయన ప్రసంగం, ఆమె రెండు నిమిషాల పాట అన్న పద్ధతికి ఒప్పుకోకండి, ఇద్దరికీ మాట్లాడే సమయం సమానంగా అడగండి. వాళ్లు అక్కడి సంఖ్యలు అడుగుతారు, చెప్పండి. నీళ్లు రాని రోజుల గురించి, మారిన ప్లాన్ల గురించి, కుంగిపోయిన నెలల గురించి కూడా చెప్పండి, ఎందుకంటే తర్వాత వెళ్లాలని ప్రార్థిస్తున్న ఒక జంట ఆ సంఘంలోనే వెనక వరసలో కూర్చుని వింటూ ఉండొచ్చు, వాళ్లకి కావాల్సింది ఆ వివరాలే.